ఈరన్న ఆపిన చప్పుడు

ఆదోని, ఆదివారం రాత్రి

చేపల తొట్టి నుంచి నీళ్లు దిగే పైపు గడగడలకు అమ్మకు నెలరోజులుగా నిద్ర లేదు. తొట్టిని ఎవరికైనా ఇచ్చేద్దామంటే, మంచం పట్టిన అమ్మకు పగలంతా ఆ చేపలే తోడు.

ఈరోజు ఎమ్మిగనూరు నుంచి ప్లంబర్ ఈరన్న వచ్చాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవని తెలిసి నాకు అనుమానమేసింది. ఆయన పైపు మీద అరచేయి ఆనించి, "నీళ్లతో పాటు గాలి పోతాందప్పా, అదే అరుస్తాండాది" అన్నాడు. పైపుకు ఒక వాల్వు బిగించి, పైపు వణుకు చేతికి తెలియకుండా పోయేదాకా దాన్ని కొద్దికొద్దిగా తిప్పాడు. దానికి చెత్త అడ్డుపడితే నీళ్లు పొర్లకుండా పక్కన ఇంకో పైపు పెట్టాడు. ఏం పనితనం!

ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఈరన్న అమ్మ ముఖంలోకి చూస్తూ, "సప్పుడు పోయినాదా, అమ్మా?" అని అడిగాడు. అమ్మ నవ్వి దండం పెట్టింది.

సాయంత్రం బండి మీద వెళ్లిపోయాడు. వెనక వచ్చే లారీ హారన్ ఆయనకు వినపడుతుందో లేదో...