పసుపు కోటు ఆవిడ పడే షాటు

లాస్ ఏంజిలెస్

ప్రియమైన అమ్మకి,

ఫోన్ చేస్తే సగంలోనే పెట్టేస్తావు, అందుకే కాగితం పట్టుకున్నాను.

నేనేం పని చేస్తానో నువ్వెప్పుడూ అడగలేదు. అందరూ ఊపిరి బిగబట్టి చూసే టీవీ సీరియల్ ఒకటి పట్టుకుని, అదే డెబ్భైల్లో మన నల్లవాళ్ళ ఫైటింగ్ సినిమాగా వచ్చుంటే ఎలా ఉండేదో రెండు నిమిషాల ఉత్తుత్తి ట్రైలర్ తీస్తాం. ఈసారి దొరల బంగళా సీరియల్. అందులో టీ కప్పులు మోసే పనిమనిషి మా ట్రైలర్లో తోలుకోటు వేసుకుని దొర తలుపు తంతుంది. బొమ్మ పాతదిలా కనపడాలని ఆ కాలపు ట్రైలర్ల రీలు కొని, అందులోని గీతల్నీ ముక్కల్నీ మా దాంట్లో అతికిస్తాం.

ఆ రీల్లో పసుపు కోటు వేసుకున్న ఒకావిడ మేడ మీంచి దూకి పడుతుంది. మాకు గొంతు అరువిచ్చే క్వెంటెల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం పడిందే తల్లీ, బియ్యం బస్తా పడ్డట్టు. దీన్నే చివర్లో పెట్టు, హాలు పగిలిపోద్ది" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే బొమ్మ ఆపి పెద్దది చేశాను. దూకబోయే ముందు ఆవిడ కింది పెదవి పళ్ళకింద నొక్కుకుంది. అలా నొక్కుకునే మనిషి నాకు తెలిసి ఒక్కరే.

అది నువ్వేనా? ఆదివారాలు తెల్ల గ్లౌజులు తొడుక్కుని చర్చి గుమ్మంలో నిలబడి, పొట్టి గౌన్ల పిల్లల్ని చూపులతోనే కాల్చేసే మా అమ్మేనా? నేను సినిమా చదువు చదువుతానంటే "ఆ బొమ్మలు మన ఆడవాళ్ళని బజారున పెట్టాయి" అని నా మొహాన తలుపేశావు. నేను పట్టా తీసుకున్న రోజు నీ కుర్చీ ఖాళీగా ఉంటే, చుట్టుపక్కల వాళ్ళకి నీకు ఒంట్లో బాగోలేదని చెప్పుకున్నాను. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదమ్మా.

వచ్చే నెల పెద్ద హాల్లో చూపిస్తున్నాం. నువ్వు వద్దంటే ఆ ముక్క తీసేస్తాను. అబద్ధం మాత్రం చెప్పకు.

నీ రెనీటా

మెంఫిస్

రెనీటా తల్లీ,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. మాడువాసన వచ్చేదాకా మూకుట్లో చేపలున్న సంగతే గుర్తులేదు. ఆ రీలు ఇంకా బతికుందనుకోలేదే.

అది నేనే. హీరోయిన్ని కాను, ఆవిడకి డూపుని. అంతకుముందు మన ఆడవాళ్ళు దూకాల్సిన చోట తెల్ల మగాడికి నల్లరంగు పూసి, విగ్గు పెట్టి దూకించేవాళ్ళు. మేం కొందరం వెళ్ళి పోట్లాడాం. "రంగు దేనికయ్యా, మాకు పుట్టుకతోనే ఉంది. మేమే దూకుతాం" అన్నాను.

మొదటిసారి శుభ్రంగా పడ్డాను. దుమ్ము సరిగా లేవలేదు, మళ్ళీ దూకమన్నాడు డైరెక్టరు. కింద పేర్చిన అట్టపెట్టెలు మొదటిసారి దూకినప్పుడే నలిగిపోయాయి, వాటిని ఎవరూ మార్చలేదు. తుంటి చిట్లింది. ఆ దెబ్బ కారు గుద్దితే తగిలిందని మీ అందరికీ చెప్పుకొచ్చాను. ఆ రోజు అక్కడ మూలిగితే "చూశారా, వీళ్ళు పనికిరారు" అని మళ్ళీ ఆ రంగుడబ్బా తీస్తారని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నడిచాను. లేచిన ముక్క వాళ్ళు కోసేశారు. మీకు దొరికింది నేను పడేంతవరకే.

సినిమాలంటే నాకు అసహ్యం కాదే పిచ్చిదానా. నిన్ను కూడా నలిగిన పెట్టెల మీదికే తోస్తారని భయం. ఆ భయానికి దేవుడి మాటలు తొడిగి నీ మీద విసిరాను.

ఆ ముక్క తీయకు. బుధవారం బస్సెక్కుతున్నాను. ఇప్పటి నా ఒంటికి సరిపడా పసుపు కోటు ఒకటి చూసి పెట్టు. ఆ పడే ముక్క వెనకే అతికించడానికి, నన్ను నేల మీద పడుకోబెట్టి కెమెరా పెట్టండి, లేస్తాను. మోకాళ్ళు మాట వినవు, కాస్త సేపు పడుతుంది. నేను నిలబడేదాకా కెమెరా ఆపొద్దని మీవాళ్ళకీ, ఆ నవ్విన కుర్రాడికీ చెప్పు.

మీ అమ్మ
వెర్నెల్