చివరి పేజీ అడుగున

లెనిన్‌గ్రాద్,
13 మార్చి 1974

నా బంగారు అమ్మకు,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రైల్లో పనిచేసే క్లావా పిన్ని నీ చేతికే ఇస్తుంది. చదివాక పొయ్యిలో వేసెయ్.

నన్ను యూనివర్సిటీలోంచి తీసేశారు. మొన్న గురువారం ఇద్దరు మనుషులు హాస్టల్‌కి వచ్చి, నా పరుపు కింద దాచిన నవల పట్టుకున్నారు. పల్చటి కాగితాల మధ్య కార్బన్లు పెట్టి టైపు చేసిన నవల. ఊరంతా సంతకం పెట్టిన కాగితం మీద తానొక్కడే పెట్టనన్న రైల్వే గేటుమాన్ కథ. ఇలాంటివి అచ్చు కానివ్వరు కదా, చేతులు మారుతూ నాదాకా వచ్చింది. చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ తాగినట్టు, ఒక్కో మాట దగ్గరా ఆగి ఆగి చదివాను.

"దీన్ని టైపు చేసిందెవరు?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"తెలీదండి."

"చివరి పేజీ ఏదీ?"

"నాకు దొరికినప్పుడే లేదు. ఆ గేటుమాన్ ఏమయ్యాడో మీకు తెలిస్తే చెప్పండి, నిద్ర పట్టడం లేదు."

"నాలుక బాగానే ఆడుతోందే అమ్మాయ్. పేరు చెప్పావా, చదువు నీది. లేదంటే సోమవారం నుంచి దుప్పట్లు ఉతుక్కో."

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లే ఉతుకుతున్నానమ్మా. చాకలి సోడాకి వేళ్ళు పగిలాయి. పేరు మాత్రం చెప్పలేదు, చెప్పను.

నీకో సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్ళప్పుడు నేను కవితలు రాసుకున్న నోటుబుక్కుని నువ్వు పొయ్యిలో పడేశావు. "నోరు మూసుకుని బతకవే పిల్లా" అన్నావు. ఆ రోజు నుంచీ నువ్వు పిరికిదానివనే అనుకున్నాను. ఇక్కడికి వచ్చాక నీ ఉత్తరాలకి ముక్తసరిగా జవాబులు రాసింది అందుకే.

ఆ చివరి పేజీ చింపింది నేనే. కంఠతా పట్టి కాల్చేశాను. మీ ఆఫీసు కాగితాల కింద టైపిస్టుగా నువ్వు రోజూ కొట్టే వరుసే దాని అడుగునా ఉంది: "ఐదు ప్రతులు. టైపు: త. గ. లొస్కుతోవా." ఎంత అలసిపోయావో, అలవాటు కొద్దీ నీ చెయ్యే కొట్టేసి ఉంటుంది.

మిగతా నాలుగు ప్రతుల మీదా ఆ పేరుంటుంది. వెంటనే వెతికించు. నా కోసం ఏడవకు.

నిన్ను ఇంత ఆలస్యంగా చదువుకున్న నీ కూతురు,
అగ్లాయా


ప్స్కోవ్,
19 మార్చి

అగ్లాషా తల్లీ,

మూడు ప్రతులు దొరికాయి, చివరి పేజీల అడుగులు కత్తిరించాను. నాలుగోది ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఎవరో చదువుకుంటూ ఉంటారు, చదవనీ. నా కోసం ఆ మనుషులు వస్తే రానీ.

ఆ రోజు నీ నోటుబుక్కు పొయ్యిలో వేసేముందు పన్నెండు కవితలూ కంఠతా పట్టాను. ఐదేళ్ళుగా బంగాళాదుంపల తొక్క తీస్తూ లోలోపల చెప్పుకుంటున్నాను, మరిచిపోతానేమోనని. నిన్న కూర్చుని టైపు చేశాను. ఆఖర్న చెయ్యి మళ్ళీ ఆ వరుస మీదికే పోయింది. ఆపాను.

మొదటి ప్రతి క్లావా తెస్తోంది. మిగతా నాలుగూ అప్పుడే ఊళ్ళోకి వెళ్ళిపోయాయి.

అమ్మ