నిన్నటి చేపను నిన్నటిదే అన్నాను

రాయపురం, చెన్నై
శనివారం, మధ్యాహ్నం

సలోమి అక్కకు, బావగారికి, అమ్మకు, ప్రభువు పేరట మీ మార్త వందనాలు.

ఇక్కడ నేనూ నీ మరిదీ బాగానే ఉన్నాం. ఆరోగ్యంగా ఉన్నామనడానికి గుర్తు ఏమిటంటే ఇద్దరికీ వేళకు ఆకలి వేస్తోంది. అమ్మ మోకాలు ఎలా ఉంది? నూనె రాసి మర్దన చేయించుకుంటోందా, లేక నువ్వు గట్టిగా అరిచేదాకా ఆగుతోందా? బావగారికి దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? మా గురించి మాత్రం బెంగ పెట్టుకోవద్దు.

ఫోనుండగా ఉత్తరం ఏమిటని నువ్వు ఇప్పటికే మొహం చిట్లించి ఉంటావు. మా ఇల్లు ఒకటే గది అక్కా. ఇక్కడ నేను తుమ్మితే పక్కింట్లో వాళ్లు స్తోత్రం అంటారు. పైగా ఫోనులో నేను ఏదైనా కష్టం మొదలుపెడితే చాలు, నువ్వు సగంలో ఆపి ప్రార్థన మొదలుపెడతావు. ఆమెన్ అనేసరికి నా మాట ఎక్కడ ఆగిందో నాకే గుర్తుండదు. కాగితం మీదైతే చివరిదాకా వినక తప్పదు నీకు.

ఇక్కడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మంచు గడ్డల మధ్య కూర్చుని కూడా చెమట పోసే ఊరు ఇదొక్కటే. నీ మరిది హార్బరులో మంచు మోస్తున్నాడు. భుజం మీద గోనె వేసుకున్నా చర్మం ఎర్రగా కందిపోతోంది, కొబ్బరినూనె రాస్తున్నాను. సాంబారు అలవాటైంది. కానీ కారం అన్నది వీళ్లకు చెప్పినా అర్థం కాదు. వీలైతే పండుమిరప పచ్చడి ఒక సీసా పంపించు. కొత్తలో సాయంత్రాలు సముద్రం వైపు చూస్తూ కూర్చుంటే ఏడుపు వచ్చేది. ఇప్పుడు అంత రావడం లేదు. నిజంగానే చెబుతున్నాను, ఓదార్చడానికి కాదు.

అసలు సంగతికి వస్తాను. చలికాలంలో నువ్వు ఫోను చేసి, "మార్తా, బల్లలో పాలు పుచ్చుకుంటున్నావా?" అని అడిగావు, గుర్తుందా? సిగ్నల్ లేదక్కా అని పెట్టేశాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. అప్పటికి రెండు నెలలుగా, చర్చిలో నెలకోసారి వచ్చే ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం నా ముందుకు వస్తే నేను పక్కావిడకు అందించేసి తల దించుకుంటున్నాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నా పక్కన చేపలమ్మే కనకమ్మ గురించి నీకు చెప్పాను కదా. ముత్తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. నేను వచ్చిన కొత్తలో తూకం పట్టడం దగ్గర్నుంచి అరవంలో బేరమాడడం దాకా అన్నీ తనే నేర్పింది. దాంతోపాటు ఇంకొకటి కూడా నేర్పింది. నిన్న అమ్ముడుపోని చేప మొప్పలు తెల్లారేసరికి పాలిపోతాయి. కొనేవాళ్లు మొప్ప ఎత్తి చూసి, ఎర్రగా ఉంటేనే తీసుకుంటారు. అందుకని కొత్త చేపను కోసినప్పుడు ఆ నెత్తురు కొంచెం గిన్నెలో పట్టి, గుడ్డపేలిక ముంచి, పాత చేప మొప్పల లోపల అద్దాలి. అంతే, నిన్నటి వంజరం చేప ఈ రోజు పడవ దిగినట్టు ఉంటుంది.

"తప్పు కదా కనకమ్మా?" అన్నాను మొదటిరోజు.

"ఈడ అందరూ చేసేదే మే. నువ్వొకదానివి చేయకపోతే పాతచేప లేచి సముద్రంలోకి ఈదుకుంటా పోతుందా ఏంది?" అంది.

తెలియక చేశానని అనను అక్కా. తప్పని తెలిసే, తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని మరీ వెళ్లి చేశాను. ఇంకా సిగ్గుపడే మాట చెబుతాను, విను. ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద, "ప్రభువా, రేపు సోమవారం, శనివారం చేపలు మిగిలి ఉన్నాయి, రేపటి దానికి ఈ రోజే క్షమించు" అని ముందుగానే అడిగేదాన్ని. రేపటి తప్పుకు ఈ రోజే క్షమాపణ! నువ్వే ఆ మాట విని ఉంటే నా చెవి మెలేసి ఉండేదానివి. ఆయన మెలేయలేదు, ఊరుకున్నాడు. ఊరుకున్నాడు కదా అని నేను ఒప్పుకున్నాడనుకున్నాను.

మా వెనక సందులో కుప్పమ్మ అవ్వ ఉంది. గుడికి వెళ్లే మనిషి, మన చర్చి కాదు. నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా కొనదు. ఎప్పుడూ మొప్ప ఎత్తి చూడదు. "నువ్వు పాట పాడుకుంటా కూర్చునే మనిషివి మే, నువ్వు అబద్ధమాడవు" అని సంచి తెరిచి పట్టుకుంటుంది. ఆమె కూతురు పురిటికి వచ్చి ఉన్న రోజుల్లో, ఒక సోమవారం వంజరం అడిగింది. శనివారంది ఇచ్చాను. ఎర్రగా అద్దినదే.

రెండు రోజుల తర్వాత అవ్వ మళ్లీ వచ్చింది, చేప కోసం కాదు. నా బుట్ట పక్కన కూలబడింది.

"నా చేయి పోయింది మే. అరవై ఏళ్లు పులుసు వండినా. మొన్న వాసన కొట్టింది. బాలింత నోట్లో పెట్టుకోలా, అంతా పారబోసినాం. చేప మంచిదే, నువ్విచ్చిందే కదా. నాకే ముక్కు పోయింది, వయసైపోయింది. ఇంక పొయ్యి కాడికి పోను, కోడలే వండుద్ది" అంది.

అక్కా, ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను నిజం చెప్పలేదు. "పోనీలే అవ్వా" అన్నాను. పోనీలే అట! నా తప్పును తీసుకెళ్లి ఆ ముసలిదాని చేతిలో పెట్టి, ఓదార్చాను కూడా. ఆ ఆదివారమే బల్ల. పళ్లెం నా దగ్గరకు వచ్చేసరికి చేయి లేవలేదు.

మరునాడు గిన్నె, గుడ్డపేలిక రెండూ హార్బరు నీళ్లలో విసిరేశాను. చాలా పెద్ద పని చేసినట్టు ఇంటికి వచ్చి నీ మరిదికి చెప్పాను. తర్వాతి సోమవారం ఏమైందో తెలుసా? గుడ్డ లేదు కదా, వేలితో అద్దాను. నవ్వకు. పాపం గుడ్డలో ఉందనుకున్నాను నేను, అది చేతిలో ఉంది.

అప్పుడు పాస్టరమ్మగారి దగ్గరకు వెళ్లి అంతా చెప్పుకున్నాను. ఆవిడ వెంటనే ప్రార్థన చేస్తుందనుకున్నాను, నీలాగా. చేయలేదు. కాఫీ ఇచ్చి, "మళ్లీ పడతావు మార్తా. పడిన రోజే వచ్చి చెప్పు. ఆదివారం దాకా దాచుకోకు" అంది. మళ్లీ పడ్డాను. రెండుసార్లు. రెండుసార్లూ అదే రోజు, చేపల చీరతోనే వెళ్లి చెప్పాను. రెండోసారి వెళ్లేటప్పుడు దారంతా కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాను. తప్పు చేయడం కంటే అది చెప్పుకోవడానికి నడవడం కష్టమని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి నా ప్రార్థన కూడా మారింది. రేపటిది క్షమించు అనడం మానేసి, రేపు నా చేయి పట్టుకో అని అడగడం మొదలుపెట్టాను.

ఇంకో పని కూడా చేశాను. కనకమ్మనే కాపలా పెట్టాను! "నా చేయి పాత చేప మొప్ప దగ్గరకు పోతే గట్టిగా స్తోత్రం అని కేక వెయ్యి" అన్నాను. ముందు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత ఆ పని దానికి తెగ నచ్చింది. నేను బుట్టలో ఈగను తోలినా, "స్తోత్రం!" అని బజారంతా వినబడేటట్టు అరుస్తుంది. బొట్టు పెట్టుకుని, మెడలో పసుపుతాడుతో అది స్తోత్రం స్తోత్రం అంటుంటే పడవల వాళ్లంతా పడీ పడీ నవ్వుతారు. కానీ దానివల్ల నా చేయి ఆగింది. నేర్పిన మనిషి చేతే మాన్పించాడు ఆయన. ఆయన పద్ధతులు ఆయనవి.

ఇప్పుడు నా దగ్గర రెండు బుట్టలున్నాయి. ఒకటి ఈ రోజుది, ఒకటి నిన్నటిది. నిన్నటిదాన్ని "నేత్తు మీను, నేత్తు మీను" అని పిలిచి అమ్ముతాను. నేత్తు అంటే అరవంలో నిన్న, మీను అంటే చేప. మొదటి వారం ఒక్కరూ కొనలేదు. వరుసగా మూడు పూటలు మేమే తిన్నాం. నీ మరిది కంచం చూసి, "నీ మారుమనస్సు నా పొట్ట మీదికి వచ్చింది" అన్నాడు. తర్వాత వేపుడు బండి పెట్టుకున్న ఒకావిడ రోజూ వచ్చి తగ్గించి తీసుకుపోతోంది. రాబడి కొంచెం తగ్గిన మాట నిజమే, కానీ గడిచిపోతోంది. బజారులో నా పేరు నేత్తు మీనమ్మ అయింది. వెక్కిరించడానికి పెట్టారు. నాకేమో ఎవరైనా అలా పిలిస్తే పట్టుచీర కట్టుకున్నంత గొప్పగా ఉంటుంది. గర్వం కూడదని నువ్వు అంటావు. తెలుసు. ఈ ఒక్క ఉత్తరంలో పడనీ అక్కా, తర్వాత తగ్గించుకుంటాను.

చేయి మానింది కానీ నోరు ఇంకా విప్పలేదు. అవ్వ దగ్గరకు వెళ్లాలి. వెళ్లకుండా ఇంకో బల్ల ఆదివారం గడిచిపోయింది. పళ్లెం మళ్లీ పక్కావిడకు అందించాను. పోయిన నెలాఖరుకు ఇక తట్టుకోలేక వెళ్లాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది, లోపల కోడలు వండుతోంది. నిలబడే చెప్పాను.

"అవ్వా, నీ చేయి పోలేదు. ముక్కూ పోలేదు. ఆ చేప పాతది. మొప్పకు నెత్తురు పూసింది నేను."

అవ్వ గబుక్కున లోపలికి తిరిగి, "విన్నావా మే! నా చేయి పోలేదంట! చేప పాతదంట!" అని కోడలి మీద కేక వేసింది. ఆ గొంతులో ఎంత సంతోషమో అక్కా, నేను కూడా నవ్వబోయాను. అంతలో ఇటు తిరిగింది.

"నువ్వు ఇంక నా గడప తొక్కమాక" అంది.

ఏడుస్తూనే ఇంటికి వచ్చాను. అయినా ఆ ఏడుపు వేరు. ఆ వారమే బల్ల. పళ్లెం వచ్చింది. చేయి దానంతట అదే లేచింది. రొట్టె తీసుకున్నాను. పక్కావిడ, పాపం, ఎప్పటిలా నేను అందిస్తానని రెండు చేతులూ చాపి కూర్చుంది!

అవ్వ ఆ తర్వాత రెండు వారాలు అవతలి వరుసలో కొనుక్కుంది. నా ముందు నుంచే తల తిప్పుకుని వెళ్లేది. మూడో వారం నా దగ్గర ఆగింది. ఒక్కొక్క చేప మొప్పా ఎత్తి, వేలు పెట్టి తుడిచి, ఆ వేలు ఎండలో పెట్టి చూసుకుంది. నలుగురూ చూస్తుండగానే. నేను ఓర్చుకున్నాను. అది నాకు రావలసిందే.

ఈ రోజు పొద్దున మళ్లీ వచ్చింది. వంజరం కావాలంది. సంచి తెరిచి పట్టుకుని అటువైపు చూస్తూ నిలబడింది, మొప్ప ఎత్తలేదు. నేనే ఎత్తి చూపించాను.

"చూపించాల్సిన పన్లే మే. నోటితో చెప్పు, చాలు" అంది.

"ఈ రోజుదే అవ్వా" అన్నాను.

అంతే మాట్లాడాం. తను పులుసు పెట్టుకోవడానికి వెళ్లింది. నేను తొందరగా బుట్టలు కడుక్కుని వచ్చి నీకు రాయడానికి కూర్చున్నాను.

అక్కా, చిన్నప్పుడు నా చేత ప్రార్థన చెప్పించింది నువ్వే. ఇప్పుడు కూడా నాకోసం చెయ్యి. ఇదంతా అయిపోయిందని అనుకోవడం లేదు. సోమవారం ఇంకా వస్తూనే ఉంటుంది. అమ్మ కాళ్లకు నా బదులు నువ్వు దండం పెట్టి, నన్ను దీవించమను. బావగారికి, పాస్టరుగారికి, స్త్రీల కూటంలో అందరికీ పేరుపేరునా నా వందనాలు. పిల్లలకు ముద్దులు. పచ్చడి మరిచిపోకు.

చివరిగా ఒక్కటి. నా సంగతులు గురువారం కూటంలో చెప్పేటప్పుడు నువ్వు మంచివి చెప్పి మిగతావి మింగేస్తావని నాకు తెలుసు. నా పరువు కాపాడాలని నీ ఆశ. ఈ ఉత్తరం మాత్రం మొత్తం చదువు. గుడ్డపేలిక విసిరేసిన దగ్గర ఆపకు.

నీ చెల్లెలు
మార్త
(నేత్తు మీనమ్మ)