చెక్‌పోస్టు అవతల

వితూన్ తమ్ముడూ, నిన్న చెక్‌పోస్టు దాటాక బండి ఎందుకు ఆపలేదు?

కాగితాల్లేని బర్మా వాళ్లను ఇవతల దించడం, వాళ్లు మొక్కజొన్న చేలో నడిచొచ్చి అవతల ఎక్కడం మన సరిహద్దు ఊరు మేసోట్‌కెళ్లే దారిలో ఎప్పుడూ జరిగేదే. నో ముయే కూడా జ్వరంతో కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని ఆ నమ్మకంతోనే దిగింది. "దిగక్కా, నిన్నొదిలేసి నేనొక్కణ్ణే ఆసుపత్రికెళ్లి ఏం చేస్తా?" అని నవ్వించావు కూడా. తీరా వెనక బెంచీలోంచి ఎవరో "పరాయి వాళ్ల కోసం మా పని చెడగొడతావా?" అనగానే బండి ఉరికించావు.

పరదేశిని బాధపెట్టొద్దని దేవుడు మోషే చేత రాయించాడు. ప్రతి ఆదివారం చర్చిలో ఆ మాట గొంతు చించుకుని చెప్పే నేను, నీ పక్క సీట్లోనే కూర్చుని నోరు మూసుకున్నాను. నరకం నీ ఒక్కడికే అనడం లేదు.

ఆమె గంటసేపు ఎండలో ఎదురుచూసి, బిడ్డతో ఇంటికి తిరిగి నడిచింది. ఆ బిడ్డ పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. పొద్దుటి నుంచి కళ్లు తెరవలేదు. నాకున్నది సైకిలు. ఇంకే డ్రైవరూ రానంటున్నాడు.

ఉత్తరం తెచ్చినామె ఇల్లు చూపిస్తుంది. ఈసారి ఎవర్నీ దించొద్దు. పోలీసులు ఆపితే నేను మాట్లాడతాను. అన్నం ముందున్నా లేచి, బండి తీసుకుని ఇప్పుడే రా.