ట్యూబులో బుడగ

మంగఫ్, కువైట్
నవంబరు 11, మంగళవారం

పిఠాపురంలో పడక్కుర్చీని విడవలేని శ్రీవారికి,

మీ పాపాయమ్మ క్షేమం. మోకాళ్ళు కూడా క్షేమమే, మీరు అడగరు గనుక నేనే చెబుతున్నాను. ఫోనులో మాట్లాడదామంటే మీరు చెవి మిషను సొరుగులో దాచుకుని "ఆ? ఆ?" అంటారు. మొన్న మీకోసం నేను అరిచిన అరుపులకి పై అంతస్తులో ఉండే కడప జిల్లా వాళ్ళు దిగివచ్చి "ఏమ్మా, ఎవురికన్నా బాగలేదా?" అని పరామర్శించి వెళ్ళారు. అందుకే ఈ ఉత్తరం. మనవరాలు స్ఫూర్తి ఫొటో తీసి పంపుతుంది. వేళ్ళతో పెద్దది చేసుకుని చదవండి. నా అక్షరాలు బాగాలేవని వంక పెట్టకండి.

మనవరాల్ని చూడాలని ఉందని చెప్పి నేను విమానం ఎక్కాను. అది సగం నిజం. మిగతా సగం ఇప్పుడు చెబుతున్నాను: జ్యోతి చేత ఆ ఉద్యోగం మాన్పించడానికి వచ్చాను. ఇక్కడికొచ్చిన కొత్తలో అది ఏదో కంపెనీలో బిల్లులు టైపు చేసేది కదా, ఇప్పుడు ఆ కంపెనీలోనే ఇళ్ళు మోయిస్తోంది! ఇళ్ళంటే పోర్టకాబిన్లు. గోడలు, తలుపులు, కిటికీలు, వంటగది, స్నానాల గది, అన్నీ ఉన్న రేకుల ఇల్లు. దాన్ని పునాది లేకుండా దిమ్మల మీద నిలబెడతారు, అక్కర్లేనప్పుడు ఎత్తి లారీ మీద పెట్టుకుని పోతారు. సులైబియాలో వీళ్ళ యార్డుంది. నిన్న తీసుకెళ్ళి చూపించింది. క్రేన్లు, గొలుసులు, గ్రీజు, నలభైమంది మగవాళ్ళు, మధ్యలో పసుపు హెల్మెట్ పెట్టుకుని మన పిల్ల!

అల్లుడు సాయిరామ్ పనిచేసే జాబ్రియా హాస్పిటల్లో రికార్డుల గదిలో ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది. ఏసీ గది, తిరిగే కుర్చీ. ఆదివారంలోగా ఔనో కాదో చెప్పాలి. నేను రెండు రోజులు పోరాను. నిన్న రాత్రి భోజనాల దగ్గర అది చేయి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"సరేనే అమ్మా. గురువారం ఒక ఇల్లు వఫ్రాకి తీసుకెళ్తున్నాను. మొత్తం నేనొక్కదాన్నే చూసుకునే మొదటి పని. నువ్వూ రా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూడు. చూశాక కూడా మానేయమంటే మానేస్తాను."

"మాట తప్పవుగా?"

"నేను నాన్న కూతుర్ని. తప్పను." అని, మీ పేరు నోట్లోంచి వచ్చినందుకు తానే ఉలిక్కిపడి, పెరుగు గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

పాలిటెక్నిక్‌లో సివిల్ చదవనివ్వలేదని దానికి మీమీద కోపం పోలేదు. ఇరవై రెండేళ్ళుగా మీ ఇద్దరి సంభాషణ మూడే ముక్కలు. "బాగున్నారా?" "బాగున్నాను." "అమ్మకివ్వండి." ఆ పాత కాగితం సంగతి ఇప్పుడు ఎత్తను. నేను గెలిచి వస్తాను, చూడండి.

పందెం కాసిన
పాపాయమ్మ


వఫ్రా దారిలో
నవంబరు 13, గురువారం, ఉదయం తొమ్మిదిన్నర

ఏవండీ!

అక్షరాలు గెంతుతున్నాయంటే నేను బండిలో ఉన్నానన్నమాట. నా ముందు అద్దంలోంచి ఏం కనిపిస్తోందో ఊహించగలరా? ఒక ఇల్లు వెళుతోందండీ! నలభై అడుగుల ఇల్లు. కిటికీలకు పరదాలున్నాయి. మేము దాని వెనక చిన్న బండిలో, నెత్తిన పసుపు లైటు తిప్పుకుంటూ వెళుతున్నాం. పెళ్ళికి కూడా నన్ను ఇంత ఊరేగింపుతో తీసుకురాలేదు మీరు.

ఇంటావిడ పేరు మజీదా. ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిందట. ఏటా చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకునే అలవాటు ఇక్కడ ఉందట. ఆవిడా భర్తా ఇరవై ఏళ్ళు ఈ ఇంట్లోనే ఆ చలికాలాలు గడిపారు. ఆయన పోయాక ఇల్లు యార్డులో బాగుచేయించి, వఫ్రాలో తన తోటలో పెట్టించుకుంటోంది. రేపు శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో చుట్టాలకు భోజనాలు. అంటే ఇవాళ సాయంత్రానికి ఇల్లు నిలబడాలి. పొరపాటు జరిగితే జ్యోతిని మళ్ళీ బిల్లుల బల్ల దగ్గర కూర్చోబెడతానని ముదీరు, అంటే వీళ్ళ మేనేజరు, ముందే చెప్పాడట. (అప్పుడు నాకు సగం పని తప్పుతుంది అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పుడు కాస్త సిగ్గుగా ఉంది.)

తెల్లవారుతుండగా యార్డుకు చేరాం. ఏసీలు విప్పి, ఆ కంతలకు చెక్కలు బిగించారు. ఫ్రిజ్ తలుపుకు తాడు కట్టారు. అలమరలో గాజు కప్పులు చూసి "ఇవి దించరేం?" అన్నాను. జ్యోతి నవ్వి, కప్పుల మధ్య నాలుగు తువ్వాళ్ళు దోపి, "పగిలితే నా జీతంలో కోసుకోమను" అంది. తర్వాత నాలుగు మూలలా కొక్కేలు, గొలుసులు. క్రేన్ నడిపే అబ్దుల్ బాసిత్ పెషావర్ వాడు, గడ్డం నెరిసిన మనిషి, కళ్ళు మాత్రం దీని చేతి మీదే పెట్టుకున్నాడు. ఇది బొటనవేలు పైకెత్తింది. ఇల్లు లేచింది!

లేచిందండీ, గడియారంతో సహా! అడుగున నాలుగు వేళ్ళ వెలుతురు, తర్వాత జానెడు, తర్వాత దాని కిందనుంచి అవతలి గోడ కనబడింది. నేను చప్పట్లు కొట్టేశాను. ఫోర్‌మన్ రామాంజులు, రాయచోటి అతను, నావైపు తిరిగి "మొదుటిసారి నేనూ ఇట్లే కొడ్తిని లేమ్మా" అన్నాడు.

ఇంకో సంగతి. ఇంటి కింద దిమ్మలు సమంగా ఉన్నాయో లేదో చూసే లేజరు మిషను వీళ్ళకుంది. అయినా మీ కూతురి సంచిలో ఏముందో తెలుసా? నీళ్ళ ట్యూబు, రెండు చివర్లా ఒకే ఎత్తున నిలిచే నీళ్ళతో మట్టం చూసేది. మీరు ఆర్ అండ్ బీలో ఉండగా సెలవురోజున దాన్ని సైటుకు తీసుకెళ్ళి, ట్యూబు రెండో చివర పట్టుకోమనేవారు, చూడండి, అలాంటిదే. పొద్దున ఒక కుర్రాడు దాన్ని నింపుతుంటే ఇది అచ్చం మీ గొంతుతో అరిచింది: "బుడగ! ముందు బుడగ చూడవయ్యా! బుడగుంటే రెండు చివర్లూ రెండు మాటలు చెబుతాయి!"

నేను మొహం అటు తిప్పుకున్నాను. దుమ్ము పడిందని చెప్పాను.

తోట గేటు కనిపిస్తోంది. ఉంటాను.

ఊరేగుతున్న
మీ పాపాయి


మంగఫ్
నవంబరు 14, శుక్రవారం

మీకు,

ఇవాళ వెటకారాలు తక్కువ. నింపాదిగా చదవండి.

నిన్న గేటు దగ్గర లారీ మలుపు తిరగలేదు. జ్యోతి టేపు పట్టుకుని అక్కడ ఉండిపోయింది. లోపల ఇసుక నేల మధ్య ఒక మేకు పాతి ఉంది, ఇల్లు దాని దగ్గర పెట్టాలి. ఎటు తిప్పి పెట్టాలన్నదానికి మజీదా గీసి పంపిన బొమ్మొకటే ఆధారం: ఒక పెట్టె, కుడివైపు తలుపు గుర్తు, పైన ఒక బాణం. అంతే, ఒక్క అక్షరం లేదు. దిమ్మలు పేర్చాలి, క్రేన్ నాలుగింటి వరకే. రామాంజులు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నువ్వు భూగోళం అయివారమ్మవంట గదా. ఈ బాణం యా పక్కకు?"

ముప్ఫై మూడేళ్ళు పాఠం చెప్పిన నోరు ఊరుకుంటుందా! "మ్యాపు మీద బాణం ఉంటే అది ఉత్తర దిక్కు నాయనా. ఆరో తరగతి పిల్లలకి తెలుసు" అన్నాను.

"అట్లయితే వాకిలి తూరుపుకొస్తాది! శానా మంచిది!" అని వాడు మురిసిపోయాడు. ఇద్దరం కలిసి ఆవిడ ఇంటికి చక్కటి తూర్పు వాకిలి అమర్చాం. జ్యోతి వచ్చి "బాణం చూశారా?" అని అడిగితే "చూశాం" అన్నాను. తల్లిని నమ్మింది, పాపం.

ఇల్లు దిగింది, ట్యూబుతో మట్టం చూశారు, కప్పు ఒక్కటి పగల్లేదు. మూడు గంటలకు మజీదా వచ్చింది. పొడుగు మనిషి, నల్లకళ్ళద్దాలు. చెప్పులు విడిచి లోపలికెళ్ళింది. ఆ ఇంట్లో ఒక చివర నమాజు గది ఉంది. గోడలో గూడు, తివాచీ మీద ఆ గూటి వైపు గీతలు. నిమిషంలో బయటికొచ్చింది.

"నా గూడు బస్రా వైపు చూస్తోంది. నా మక్కా నా వీపు వెనక ఉంది. ఎవరు పెట్టారిలా?"

బాణమంటే వాళ్ళకి మక్కా దిక్కు, ఖిబ్లా. ఆవిడ బొమ్మలో ఇంకో బాణానికి చోటే లేదు. కువైట్‌కి అది నైరుతి, బస్రా ఉత్తరం. అబ్దుల్ బాసిత్ క్రేన్‌లోంచి తల బయటపెట్టి "నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా అమ్మాజీ" అన్నాడు, హిందీలో. మాలో ఎవరూ అడగలేదు.

జ్యోతి బొమ్మ చూసింది, నన్ను చూసింది. ఒక్కసారే. తర్వాత ఆవిడవైపు తిరిగి, "పొరపాటు నాది మేడం. ఇన్‌చార్జిని నేనే" అంది.

ఆ చూపు నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట మన వంటింట్లో మీరు చూసిన చూపు. పాలిటెక్నిక్ గడువు దాటిందని తెలిసి అది ఏడుస్తూ "నాన్నే సంతకం పెట్టి ఉండరు!" అని అరిచింది. మీరు నావైపు ఒక్కసారి చూశారు. నేను పెనం మీద దోసె తిరగేశాను. మీరు చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయారు.

మీరు మూడు రోజులు కేకలేసిన మాట నిజమే. నాలుగో రోజు పొద్దున సంతకం పెట్టి, "బడికి వెళ్తూ పోస్టులో వెయ్యి" అని నా చేతికిచ్చారు. నేను వెయ్యలేదు. కాంట్రాక్టర్లు మీ అంత మనిషిని ఎండలో నిలబెట్టి ఏమేం అనేవారో రోజూ భోజనాల దగ్గర విన్నదాన్ని. నా కూతురు ఆ మాటలు వినకూడదనుకున్నాను. అది ప్రేమే అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. భయం. ఊళ్ళో ఆడపిల్లలందరికీ ధైర్యం చెప్పి, ఇంటికొచ్చి భయపడ్డాను. పైగా మీ మొండితనమే కారణమని చుట్టాల దగ్గర తలూపాను. మీరు ఒక్కసారైనా నా గుట్టు బయటపెట్టలేదు.

ఈసారి చేతిలో దోసె లేదు.

"పొరపాటు అమ్మాయిది కాదు. నాది" అన్నాను ఇంగ్లీషులో. "నేను భూగోళం టీచర్ని. అడగకుండా జవాబు రాశాను."

మజీదా కళ్ళద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "బొమ్మలో గుర్తులు రాయని దానికి మీరైతే ఎన్ని మార్కులు వేస్తారు?"

"సున్న."

"నాకు సున్న. మీకు కూడా సున్న." అని ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. "యల్లా, తిప్పండి" అంది. అబ్దుల్ బాసిత్ చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాడు, నాలుగు దాటినా తనకు కనబడకుండా. ఇల్లు మళ్ళీ గాలిలోకి లేచింది!

అది తిరిగి దిగాక కుర్రాళ్ళంతా దిమ్మలు సరిచేస్తున్నారు. ట్యూబు పట్టుకునే మనిషి లేడు. జ్యోతి నా చేతికి ఒక చివర ఇచ్చి, దిమ్మ మీద గీసిన గీతకు ఆనించి పట్టుకోమని, తను రెండోది తీసుకుని ఆ మూలకు వెళ్ళింది. మధ్యలో నలభై అడుగుల ఇల్లు. జ్యోతి మొహం నాకు కనబడదు, నాది దానికి కనబడదు. ఇంతకంటే మంచి అదను నా జన్మలో దొరకదనిపించింది.

"జ్యోతీ! మీ నాన్న సంతకం పెట్టారే!" అని అరిచాను.

"ఏంటీ?"

"పాలిటెక్నిక్ కాగితం! సంతకం పెట్టి నాకిచ్చారు! నేనే పోస్టు చెయ్యలేదు! నా అట్లాసులో దాచాను!"

నా చేతిలో నీళ్ళు పైకీ కిందికీ ఊగుతున్నాయి.

"అమ్మా," అంది చివరికి. "ట్యూబు కదపకు."

గట్టిగా పట్టుకున్నాను.

"నీళ్ళెక్కడున్నాయి?"

"గీత మీదే ఉన్నాయే."

"ఇక్కడా గీత మీదే."

ఇల్లు చుట్టి వచ్చి నా ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. ఏమని తిట్టిందో రాయను, ఆ మాటలు నావి. తర్వాత హెల్మెట్ తీసి నా నెత్తిన పెట్టి, పనిలోకి పోయింది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు మజీదా తన గూటి ముందు తిన్నగా నిలబడింది. ఆవిడ చెల్లెలికీ ఇలాంటి ఇల్లుందట, జనవరిలో దాన్ని ఈ అమ్మాయే మోయించాలని అక్కడినుంచే ముదీరుకు ఫోను చేసి చెప్పింది.

పందెం సంగతి అడగబోతున్నారు కదూ? సాయిరామ్ ఆ హాస్పిటల్ మనిషి నంబరిచ్చాడు. నేనే చేసి చెప్పాను, మా అమ్మాయికి తీరిక లేదని.

ఈ కింది నాలుగు ముక్కలు జ్యోతివి. కలం లాక్కుంది.

*నాన్నా, ఇన్నేళ్ళూ ట్యూబుకు ఆ చివర మీరు, ఈ చివర నేను. మధ్యలో బుడగ అమ్మ. నిన్న పోయింది. అమ్మ అట్లాసు బీరువా పై అరలో ఉందట, ఆఫ్రికా పేజీ తీయండి. మీ సంతకం నాకు ఫొటో పంపండి. — జ్యోతి*

నన్ను బుడగ అంది. ఊరుకున్నాను, మార్కులు సరిగ్గానే వేసింది. రేపు పదింటికి అది మీకు ఫోను చేస్తుంది. సొరుగులోంచి మిషను తీసి చెవికి పెట్టుకోండి. "అమ్మకివ్వు" అని మాత్రం అనకండి. ఇస్తే నేను తీసుకోను.

మీకు క్షమాపణ బాకీపడిన
పాపాయమ్మ