అమ్ము అడగమన్న ప్రశ్నలు

1996 అక్టోబర్ 6, ఆదివారం

మనవరాలు అమ్ముకి కామెర్లు. నెల్లాళ్ళు మంచం దిగకూడదన్నాడు డాక్టర్. దాని బెంగ ఒంటి మీద కాదు, జపనీస్ పరీక్ష మీద. డిసెంబర్‌లో ఢిల్లీలో. ఏడాదికి ఒక్కసారేనట. దాని బదులు నేను క్లాసుకెళ్ళి దాని డౌట్లు అడిగొస్తానన్నాను. కోడలు రజనీకుమారి నవ్వింది. నవ్వనీ. స్టీలు ప్లాంటు కోక్ ఒవెన్‌లో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి, నాలుగు మాటలు మోసుకురాలేనా.

అక్టోబర్ 13, ఆదివారం

నెహ్రూ నగర్ దాకా సైకిల్ తొక్కాను. రాజగోపాల్ మాస్టారింట్లో క్లాసు. అంతా కుర్రకారు. ఎన్ని నెలల్లో మాట్లాడొచ్చని ఒకడు. సినిమాలు చూస్తే వచ్చేస్తుందా అని ఇంకొకడు. జపనీస్‌లో పనిని చెప్పే మాట మనకిలాగే వాక్యం చివర వస్తుందట. అది తెలిసింది.

అమ్ము ప్రశ్న అడిగాను. అక్షరాలు మూడు రకాలున్నాయి కదా, పరీక్షకి మూడూ కావాలా అని. మాస్టారు చాలాసేపు చెప్పారు. ఇవి ఇక్కడికి, అవి అక్కడికి అన్నారు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అర్థమైందా పెద్దాయనా అన్నారు. ఇరవై మంది నా వైపు చూస్తున్నారు. అయిందన్నాను.

ఇంటికొచ్చి, ఒక రకం చాలన్నారని చెప్పేశాను. ఈ హిందీ ఊళ్ళో నాకు తెలుగు రాత ఒక్కటే వచ్చు. బతకలేదా.

అక్టోబర్ 16

మిగతా రెండు రకాల పుస్తకాలు అలమరా మీద పెట్టమంది అమ్ము. పెట్టాను.

అక్టోబర్ 20, ఆదివారం

ఇవాళ నా సొంత ప్రశ్న ఒకటి అడిగాను. రాయడం రాకపోయినా మాట్లాడితే చాలదా అని. ఆ పరీక్షలో మాట్లాడటమే లేదట. చదవాలి, వినాలి, టిక్కు పెట్టాలి. మాట్లాడని భాషా పరీక్ష ఏమిటో నాకు తెలియలేదు.

తర్వాత మాస్టారు బోర్డు మీద ఒక లైను రాశారు. మూడు రకాలూ అందులోనే ఉన్నాయట. ఒకే లైనులో.

సైకిల్ నడిపించుకుంటూ వచ్చాను. తొక్కబుద్ధి కాలేదు.

అక్టోబర్ 21

చెప్పలేదు.

అక్టోబర్ 24

అదే ఒక్క రకంతో అమ్ము నోటుబుక్కు నింపేసింది. కళ్ళింకా పచ్చగానే ఉన్నాయి. చూడటానికొచ్చిన పక్క క్వార్టర్ భాగ్యవతితో, మా తాతుండగా నాకేటి టెన్షన్ అంది.



అక్టోబర్ 27, ఉదయం

చెప్పాను. "అమ్మూ, నాకు అర్థం కాలేదు. అయిందని అబద్ధమాడాను. ఒకటి చాలన్నది నేనే, మాస్టారు కాదు."

అమ్ము అరవలేదు. "దో హఫ్తే, తాతా," అంది. "రెండు వారాలు పాడైపోనాయి." గోడవైపు తిరిగింది.

అదే రోజు, సాయంత్రం

క్లాసులో లేచి నిలబడ్డాను. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండన్నాను. చెప్పారు. కాలేదన్నాను. మూడోసారి వెనకెవరో కిసుక్కుమన్నారు. కాలేదనే అన్నాను. నాలుగోసారి మాస్టారు నోరు తెరిచేలోగా ఫ్లోరా అనే పిల్ల, తనకీ కాలేదు సార్ అంది. ఆ వెనక ఇంకో ముగ్గురు.

ఈసారి బుర్రకెక్కింది. మూడూ కావాలి. మూడోది బొమ్మల్లా ఉంటుంది, ఈ పరీక్షకి ఓ వంద అక్షరాలు చాలు. నా చేత్తో రాసుకున్నాను. ఇంటికొచ్చి అలమరా మీది పుస్తకాలు దించి అమ్ము మంచం మీద పెట్టాను.

నవంబర్ 3, ఆదివారం

అమ్ము ఇంకా నాతో మాట్లాడదు. పొద్దున్న నా జేబులో కాగితం పెట్టింది. పదకొండు ప్రశ్నలు.