బెట్ట మీద నుంచి ఫోన్

పద్మక్కకు,

నీ చెల్లెలు సుంకమ్మ దండాలు పెట్టి రాస్తున్నది. నువ్వూ, బావా బాగున్నారని తలుస్తున్నాను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం, దిగులు పడొద్దు. రేపు కోసిగికి బయలుదేరుతున్న హనుమక్క చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

ఈ కాఫీతోటలో వానలు తగ్గినా మంచు తగ్గలేదు. ఉతికిన చీర నాలుగు రోజులైనా ఆరదు. కలుపు తీస్తుంటే కాళ్లకు జలగలు పడతాయి. మూడు పూటలా అన్నమే. నీ మరిది పైకి ఏమీ అనడు కానీ, కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటాడు. హనుమక్క తిరిగి వచ్చేటప్పుడు కాస్త జొన్నపిండి పంపు. బాగానే ఉన్నాంలే.

జాతరకు నేను వచ్చినప్పుడు, నీ దగ్గర వదిలిన నా నాగవేణి నా దగ్గరికి రాకుండా నీ కొంగు వెనక దాక్కున్నది గుర్తుందా? అప్పటి నుంచి నాకు ఒకటే భయం, నా బిడ్డ నన్ను మరిచిపోతుందని. మా ఇళ్ల దగ్గరేమో ఫోన్ పలకదు. పక్కింటి కన్నడావిడ గౌరక్క, "బెట్ట మీద సిగ్నల్ సిక్కుతాది, బా" అని పిలిచింది. మనకు బెట్ట అంటే వాన ముఖం చాటేసి పైరు ఎండిపోవడం; ఆ బెట్టకే కదా మేం ఊరు వదిలింది. వీళ్లకు బెట్ట అంటే కొండ. మొదట్లో ఆ మాట వింటేనే గుండె గుభేలుమనేది. ఇప్పుడు నాకూ అలవాటైపోయింది.

ఆదివారం పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాం. మంచులో ముందు నడిచే గౌరక్క చీర రంగు కూడా కనిపించలేదు. పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది. "అదో చెరువు, అదో గుడి" అని ఆమె తెల్లటి మంచులోకి వేలు చూపిస్తుంటే, నేను అన్నింటికీ తల ఊపాను. మన ఊరు ఏ దిక్కున ఉందో కూడా తెలియలేదు. ఏడుపొచ్చింది.

నీ ఫోన్‌కు వీడియో కలిపాను. పాపే ఎత్తింది.

"ఏం కనపల్లేదు, అంతా తెల్లగుంది" అంది.

"నేనే పాపా! బెట్ట మీద ఉండాను!" అని అరిచాను. అలవాటులో ఆ మాటే వచ్చింది.

పాప నీ వైపు తిరిగి కేకేసింది. "అమ్మా! ఎవరో ఆయమ్మ ఫోన్ చేసింది. ఆడ గూడా బెట్టంట. పాపం, ఈడికే రమ్మను!"

అంతలో సిగ్నల్ పోయింది. ఎంతసేపు ప్రయత్నించినా మళ్లీ కలవలేదు.

దిగి వచ్చాక నీ మరిది ఎదురొచ్చి, "మాట్లాడినావా? ఏమనె పాప?" అన్నాడు.

"రమ్మనింది" అన్నాను.

ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు. నా వంతు కూడా ఆయన కంచంలోనే పెట్టాను.

నీ మీద కోపం లేదక్కా. నువ్వు సాకుతున్నావు, నిన్నే అమ్మా అని పిలుస్తుంది. ఆ పిలుపు మాన్పించాలని పాపను కొట్టొద్దు, బెదిరించొద్దు. ఒక్కటి మాత్రం చెప్పు, ఇక్కడ బెట్ట లేదని. రోజూ తడుస్తూనే ఉన్నామని.

బావకు, అత్తమ్మకు నా దండాలు. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించండి.

ఇట్లు,
నీ చెల్లెలు,
నాగవేణికి ఆయమ్మ,
సుంకమ్మ